మేత వచ్చే దారిలోనే పురుగు: ఆఫ్రికా పల్లె కోళ్లు, వాటి పరాన్నజీవులు

ఆఫ్రికాలోని చాలా దేశాల్లో ఉన్న కోళ్లలో దాదాపు ఐదింట నాలుగు వంతులు ఫారాల్లో పెరిగేవి కావు. ఇళ్ల చుట్టూ, చేలగట్ల మీద, చెత్తకుప్పల దగ్గర కాళ్లతో గీరుకుని, ముక్కుతో ఏరుకుని బతికే పల్లె కోళ్లే అవి. ఒక్కో ఇంటికి ఐదు నుంచి ఇరవై దాకా ఉంటాయి. వాటి మంచిచెడ్డలు చూసేది ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు. పొద్దున గూడు తలుపు తీయడం, దంచిన మొక్కజొన్న తవుడో జొన్న నూకో ఒక గుప్పెడు చల్లడం, చీకటి పడగానే మళ్లీ గూట్లో పెట్టడం: చాలా ఇళ్లలో పెంపకమంటే ఇంతే. ఇంత తక్కువ ఖర్చుతో మాంసం, గుడ్లు, అత్యవసరానికి చేతిలో నాలుగు డబ్బులు, అతిథి వస్తే కూర, పండుగకు బలి అన్నీ సమకూర్చే జీవి మరొకటి లేదు. అయితే ఈ చవకదనానికి కారణమైన స్వేచ్ఛే ఆ కోళ్ల కడుపుల్లోకి పురుగులను చేర్చే దారి కూడా. ఈ రెండింటినీ విడదీయడం సాధ్యం కాదని ముందుగా ఒప్పుకోకపోతే పల్లె కోళ్ల పరాన్నజీవుల గురించి ఇచ్చే సలహాల్లో సగం నేల మీద నిలవవు.

సాయంత్రం మేత ముగించి వచ్చిన ఒక పల్లె కోడిని కోసి, దాని మేత సంచిని విప్పి చూస్తే విషయం కళ్లకు కడుతుంది. అందులో తవుడు, వంటింటి మెతుకులు, గడ్డి గింజలు, ఆకు ముక్కలు, ఇసుక రేణువులతో పాటు చీమలు, చెదపురుగులు, పెంకుపురుగుల కాళ్లు, మిడత ముక్కలు కనిపిస్తాయి. గింజ వల్ల శక్తి అందుతుంది కాని, కోడికి కావలసిన మాంసకృత్తుల్లో పెద్ద భాగం పురుగుల నుంచే రావాలి. చేలో పంట కోసిన తర్వాత కొన్నాళ్లు గింజ దండిగా దొరుకుతుంది, పురుగు తగ్గుతుంది. వానలు మొదలయ్యాక పురుగు పెరుగుతుంది, ఇంట్లో నిల్వ ధాన్యం అడుగంటుతుంది కనుక కోడికి పడే గింజ తగ్గుతుంది. ఒక పల్లెలో ఎన్ని కోళ్లు బతకగలవన్నది ఈ ఏరుకునే మేత ఎంత ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. మంద దానికి మించి పెరిగితే ముందు బక్కచిక్కేవి పిల్లలే.

ఆ మేత సంచిలో కనిపించిన చీమనే తీసుకుందాం. కోళ్ల పేగుల్లో ఉండే రైల్లీటినా జాతి బద్దెపురుగుల్లో రెండు రకాలు, టెట్రాగోనా, ఎకినోబోత్రిడా, చీమల శరీరంలో కొంతకాలం గడిపితే తప్ప మరో కోడిని చేరలేవు. రోగమున్న కోడి రెట్టలో బద్దెపురుగు తోక ముక్కలు పడతాయి. చీమ వాటిలోని గుడ్లను తింటుంది. ఆ చీమను ఇంకో కోడి తింటుంది. అదే జాతిలోని సెస్టిసిల్లస్ అనే మూడో రకం పెంకుపురుగులను ఆశ్రయిస్తుంది. కోయనోటీనియా అనే బద్దెపురుగు ఇంటి ఈగల ద్వారా, పెంకుపురుగుల ద్వారా వస్తుంది. కొద్ది మిల్లీమీటర్లకు మించని డవైనియా గుల్లలేని నత్తల నుంచి, అమీబోటీనియా వానపాముల నుంచి వస్తాయి. వీటిలో ఎకినోబోత్రిడా చేసే హాని అన్నిటికన్నా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అది తల గుచ్చుకున్న చోటల్లా పేగు గోడ గడ్డలు కట్టి, బయటి నుంచి చూస్తే బొడిపెలు బొడిపెలుగా ఉంటుంది. క్షయలో వచ్చే గడ్డలని పొరపడిన సందర్భాలూ ఉన్నాయి.

బద్దెపురుగులే కాదు. కందనకాయకు ముందుండే జీర్ణాశయ భాగం గోడలో ఇమిడిపోయి, బయటికే ఎర్రగా కనిపించే టెట్రామెరిస్ ఆడపురుగులు మిడతల నుంచి, బొద్దింకల నుంచి వచ్చినవే. మేత సంచి పొరలోనే మెలికలు తిరిగి ఉండే గాంగిలోనిమా, అంధనాళాల్లో (పేగు చివర ఉండే రెండు సంచుల్లాంటి గొట్టాల్లో) ఉండే సుబులూరా కూడా కీటకాల దారినే కోడిని చేరతాయి. ఫారం కోడిలో ఈ జాబితా దాదాపు మొత్తం మాయమవుతుంది. అక్కడ శుభ్రత ఎక్కువన్నది అసలు కారణం కాదు. అది చీమను, మిడతను తినదు, అంతే. దానికి కావలసిన మాంసకృత్తులు సోయా పిండి రూపంలో బస్తాలో వస్తాయి.

ఏ కీటకం సాయమూ లేకుండా నేరుగా వచ్చే పురుగులు రెండు ముఖ్యమైనవి. చిన్నపేగులో ఉండే అస్కారిడియా గల్లి తెల్లగా, వేలెడు పొడవుండే ఏలికపాము. కోడిని కోసేటప్పుడు ఇంటివాళ్ల కంట పడేది ఇదే. దీని గుడ్లు రెట్టతో నేలను చేరి, తడి, వెచ్చదనం ఉంటే రెండు మూడు వారాల్లో రోగం అంటించే దశకు వస్తాయి. నీడ, చెమ్మ ఉన్న చోట నెలల తరబడి చెడవు, ఎండకు, ఆరుదలకు మాత్రం తట్టుకోలేవు. గూటి ముంగిట, తొట్టి చుట్టూ, గాదె కింద నేల ఎప్పుడూ తడిగా ఉండే ఇళ్లలో ఇది ఎక్కువగా ఉండడానికి కారణం అదే. రెండోది అంధనాళాల్లో ఉండే హెటెరాకిస్. సెంటీమీటరు, సెంటీమీటరున్నర పొడవుండే ఈ పురుగు తనంతట తాను కోడికి చేసే హాని స్వల్పం. కాని హిస్టోమోనాస్ అనే ఏకకణ జీవిని అది తన గుడ్లలో దాచి మోస్తుంది. ఆ గుడ్లు వానపాముల్లో చేరి ఏళ్ల తరబడి నిలుస్తాయి. కోళ్లు దాన్ని చాలావరకు తట్టుకుంటాయి, అదే పెరట్లో టర్కీ కోళ్లుంటే వాటి కాలేజాలు పుండ్లుపడి చనిపోతాయి. కోళ్లనూ టర్కీలనూ కలిపి పెంచవద్దని చెప్పే పాత సలహాకు మూలం ఇక్కడుంది.

టాంజానియాలోని మొరొగొరో ప్రాంతంలో, జింబాబ్వేలో హరారేకు తూర్పున ఉన్న గొరొమొంజి జిల్లాలో, దక్షిణాఫ్రికా ఈస్టర్న్ కేప్‌లో, ఇంకా అనేక చోట్ల పల్లె కోళ్లను కోసి పరీక్షించిన పరిశీలనలన్నీ ఒకే మాట చెబుతాయి: పురుగులేని కోడి దాదాపు లేదు, ఒక్కో కోడిలో ఒకటికి మించిన జాతులు ఉండడం మామూలు. నూటికి నూరు కోళ్లకూ పురుగులున్నాయన్న ఈ ఫలితాన్ని పట్టుకుని ‘పల్లె కోళ్లన్నీ రోగిష్టివి’ అని తేల్చడం తొందరపాటు. పురుగు ఉండడం వేరు, పురుగు వల్ల కోడి చిక్కిపోవడం వేరు. పరాన్నజీవులు ఒక మందలో సమానంగా పంచుకుని ఉండవు. ఎక్కువ కోళ్లలో కొద్దిగా, కొద్ది కోళ్లలో విపరీతంగా ఉంటాయి. పైగా అస్కారిడియా దెబ్బ మూడు నెలల లోపు పిల్లలకు తగిలినంత గట్టిగా ముదురు కోళ్లకు తగలదు. వయసుతో పాటు కొంత నిరోధకత వస్తుంది. కనుక శాతాల కన్నా, ఏ వయసు కోడిలో ఎన్ని పురుగులు, అది ఏ కాలంలో, ఎంత మేత దొరికే రోజుల్లో అన్నదే అసలు విషయం. మాంసకృత్తులు చాలని కోడిలో పదిహేను పురుగులు చేసే నష్టం, కడుపు నిండిన కోడిలో అదే లెక్క పురుగులు చేసే నష్టంతో సమానం కాదు. పరిశీలన పత్రాల్లో జాతుల జాబితాలు పెరిగినంతగా ఈ లెక్కలు పెరగలేదు.

లోపలి పురుగుల విషయంలో ఇంత ఓపిక పట్టవచ్చు కాని, బయటి వాటి విషయంలో అలా కుదరదు. అవి కోడి ఒంటి మీదనో, గూట్లోనో కంటికి కనిపిస్తూ ఉంటాయి. చేత్తో చేసే పని వాటి మీద ఫలిస్తుంది కూడా. ఈకల మొదళ్లలో, రెక్కల కింద, తల మీద వేరువేరు జాతుల పేలు కాపురం ఉంటాయి. వాటితో కోడి దుమ్ములో పొర్లుతూ చాలావరకు తానే వేగుతుంది. ఎకిడ్నోఫాగా అనే గెంతు పురుగు సంగతి వేరు. దీని ఆడది కోడి చర్మంలోకి మూతి దించి రోజుల తరబడి అక్కడే అతుక్కుపోతుంది. ఈకలు లేని చోట్లు దానికి ఇష్టం కనుక తురాయి మీద, కంటి రెప్పల చుట్టూ ఆవాలు చల్లినట్టు నల్లగా కనిపిస్తుంది. పెద్ద కోడి దీన్ని మోస్తూ తిరుగుతుంది. పది రోజుల పిల్లకు మాత్రం కళ్లు మూసుకుపోతాయి, నూక కనపడదు, రక్తం తగ్గి వారంలో పోతుంది. దీని గుడ్లు నేలలో పడి, గూటి అడుగు మట్టిలో లార్వాలు పెరుగుతాయి. ఇదే పురుగు కుక్కలు, పిల్లులు, ఎలుకల మీద కూడా బతుకుతుంది. అందువల్ల కోడి తురాయికి కిరసనాయిలో, వంటనూనెలో పూసి ఊరుకుంటే ఆ పూటకు పురుగు చస్తుంది కాని, గూటి నేల ఊడ్చి బూడిద చల్లకపోతే పది రోజులకు మళ్లీ మొదటికే వస్తుంది.

గూటికే సంబంధించిన మరో శత్రువు ఆర్గాస్ అనే పిడుదు. పగలు కోడిని ఎంత వెతికినా ఇది దొరకదు. గూటి కర్రల పగుళ్లలో, బెరడు కింద, మట్టి గోడ నెర్రెల్లో దాగి ఉండి, రాత్రి కోడి నిద్రపోయాక బయటికి వచ్చి, గంట లోపే రక్తం తాగి తిరిగి నెర్రెలోకి వెళ్లిపోతుంది. పిల్ల పిడుదులు మాత్రం రెక్కల కింద వారం దాకా అతుక్కుని ఉంటాయి. పెద్దవి ఏడాదికి పైగా తిండి లేకుండా ఉండగలవు కాబట్టి గూడు కొన్ని నెలలు ఖాళీగా ఉంచితే పోతాయనుకోవడం వృథా. రక్తం పోవడం ఒక నష్టమైతే, బొర్రీలియా అన్సెరినా అనే సూక్ష్మజీవిని, ఈజిప్షియనెల్లా అనే రక్తరోగకారకాన్ని మోసుకు రావడం మరో నష్టం. బొర్రీలియా సోకిన కోడికి జ్వరం, మగత, ఆకుపచ్చటి రెట్ట కనిపిస్తాయి. పల్లెలో ఆకుపచ్చటి రెట్ట కనపడితే అందరికీ ముందు గుర్తొచ్చేది మందలకు మందలనే చంపే న్యూకాజిల్ అనే వైరస్ వ్యాధి. టీకా వేయించిన మందలో పిడుదు తెచ్చిన జ్వరంతో నాలుగు కోళ్లు పోతే, టీకా పనిచేయలేదన్న మాట ఊరంతా పాకుతుంది, తర్వాతి విడత టీకాకు ఎవరూ కోళ్లు పట్టుకురారు. రక్తపు చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసే వసతి దగ్గరలో లేని చోట ఈ పొరపాటును సరిచేయడం కష్టం. రాత్రి దీపం పట్టుకుని గూటి కర్రలు గీకి చూడడం మాత్రం ఎవరైనా చేయగలరు. కర్రల బెరడు చెక్కేయడం, పాత కర్రలను కాల్చేయడం, నెర్రెలను మట్టితో మెత్తడం, కోడి కూర్చునే కర్రను గోడకు తగలకుండా కట్టడం: పిడుదు మీద పనిచేసేవి ఇవే. మందు కొట్టవలసి వచ్చినా కోడి కన్నా గూటికే కొట్టాలి.

కాళ్ల పొలుసుల కింద దూరే నెమిడోకాప్టిస్ అనే మైట్‌ను (నల్లి లాంటి అతిచిన్న జీవిని) గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ముదురు కోళ్ల కాళ్లు లావెక్కి, పొలుసులు లేచి, తెల్లటి పొట్టు రాలుతూ ఉంటే అదే. కాళ్లు సబ్బునీళ్లతో కడిగి నూనెలో ముంచడం కొన్ని వారాలు చేస్తే తగ్గుతుంది.

ఇంతకూ నష్టం ఎక్కడ జరుగుతున్నదో ఒక చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. పల్లె పెట్ట ఏడాదికి మూడు విడతలు, విడతకు పది పన్నెండు గుడ్లు పెడుతుంది. నాలుగు పెట్టలున్న ఇల్లు తన గుడ్లన్నీ పొదిగిస్తే, విడతకు పన్నెండు చొప్పున 144 గుడ్లు. పదింట ఎనిమిది పిల్లలైతే 115. మొదటి 8 వారాల్లో సగం పోవడం పల్లెల్లో అసాధారణం కాదు, అప్పుడు మిగిలేవి 57. ఆ చావులు సగం నుంచి నాలుగో వంతుకు తగ్గితే 86 మిగులుతాయి. అదనంగా వచ్చిన ఈ 29 కోళ్లకు కొత్త జాతి పెట్టలు గాని, దాణా బస్తాలు గాని అక్కరలేదు. మొదటి 8 వారాల చావుల్లో గద్ద, ముంగిస, పిల్లి, వాన, చలి, ఆకలి, పురుగు అన్నీ కలిసి ఉంటాయి. అవి ఒకదానికొకటి తోడవుతాయి కూడా. పేగుల్లో పెరిగే కోక్సిడియా అనే ఏకకణ జీవి వల్ల నెత్తుటి విరేచనమై నీరసించిన పిల్లను గద్ద ముందుగా ఎత్తుకుపోతుంది. ఇంటివాళ్ల లెక్కలో అది గద్ద ఖాతాలోనే పడుతుంది.

అందువల్ల పిల్లలను మొదటి నాలుగైదు వారాలు పెట్టతో సహా గంప కిందనో, చిన్న వెదురు దడిలోనో ఉంచి, పెట్టకు అందకుండా పిల్లలకే అందేలా నూక, తవుడు పెట్టే పద్ధతిని పశువైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. గద్ద నుంచి కాపాడడంతో పాటు దీనివల్ల ఇంకో మేలుంది. ఆ నాలుగైదు వారాలు కాగానే పిల్లలను పెట్ట నుంచి వేరు చేస్తే, పిల్లలతో రెండు మూడు నెలలు తిరగవలసిన పెట్ట త్వరగా మళ్లీ గుడ్లకు వస్తుంది. కాని ఇందులో ఒక చిక్కుంది. కట్టడి చేసిన పిల్లకు చీమ దొరకదు, బద్దెపురుగు రాదు, నిజమే. మాంసకృత్తులూ దొరకవు. పైగా ఒకే చోట రెట్ట పేరుకుంటే అస్కారిడియాకు, కోక్సిడియాకు అదే మంచి మడి అవుతుంది. దడిని రెండు మూడు రోజులకోసారి ఎండ తగిలే కొత్త చోటికి జరపకపోతే ఒక రోగానికి బదులు మరో రోగం కొనితెచ్చుకున్నట్టే. మాంసకృత్తుల లోటుకు బుర్కినా ఫాసో, టోగో, బెనిన్ రైతుల దగ్గర పాత ఉపాయం ఉంది. పాత కుండలో ఎండు పేడ, జొన్న చొప్ప ముక్కలు నింపి, కాస్త తడిపి, చెదపుట్ట దారి మీద బోర్లిస్తారు. మర్నాటికి కుండ నిండా చెదలు చేరతాయి. వాటిని పిల్లల ముందు దులుపుతారు. ఖర్చు లేని ఈ దాణా ముందు ఏ పుస్తకంలోని దాణా సూత్రమూ నిలవదు.

పల్లె కోళ్లను ఊరికి ఊరు తుడిచిపెట్టేది మాత్రం పురుగు కాదు, న్యూకాజిల్ వైరస్. 1926లో ఇండోనేషియాలోని జావాలో, ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో గుర్తించిన ఈ వ్యాధి ఆ వెంటనే భారతదేశంలో రాణిఖేత్‌లో కనిపించింది. తెలుగు పల్లెల్లో కొక్కెర తెగులు అనేది దీన్నే. టీకా ఎన్నడో వచ్చినా, దాన్ని చల్లగా ఉంచే ఫ్రిజ్‌లు లేని ఆఫ్రికా పల్లెలకు అది అందేది కాదు. ఒక్కో సీసాలో వేలాది కోళ్లకు సరిపడే మోతాదు ఉండడం ఇంకో అడ్డంకి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో అక్కడి అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ సాయంతో రూపొందిన ఐ-2 టీకా వేడిని కొంత తట్టుకుంటుంది. కంట్లో ఒక చుక్క చాలు. దాని మూల వైరస్‌ను దేశాలకు ఉచితంగా ఇవ్వడంతో మొజాంబిక్, టాంజానియా వంటి దేశాలు స్వయంగా తయారు చేసుకోగలిగాయి. నాలుగు నెలలకోసారి ఊళ్లోనే శిక్షణ పొందిన మనిషి ఇంటింటికీ తిరిగి కొద్దిపాటి రుసుముకు చుక్క వేసే ఏర్పాటు చాలాచోట్ల నడిచింది.

పరాన్నజీవుల కథలో ఈ టీకాకు చోటు రెండు విధాలుగా ఉంది. మొదటిది, డబ్బు కొద్దిగా ఉన్నప్పుడు ముందు దేనికి ఖర్చు పెట్టాలన్న ప్రశ్నకు జవాబు టీకాయే. అన్నీ చచ్చిపోయే మందకు నులిపురుగుల మందు తాగించి లాభం లేదు. రెండోది, అస్కారిడియా ఉన్న కోళ్లలో న్యూకాజిల్ టీకాకు శరీరం స్పందించే తీరు మందగిస్తుందని ప్రయోగాల్లో తేలింది. కనుక టీకా రోజుకు కొన్ని రోజుల ముందు ఎదిగే పిల్లలకు పురుగుల మందు వేయడం అర్థమున్న పని. నాలుగు నెలలకోసారి ఎలాగూ కోళ్లను పట్టే అలవాటు ఊరికి వస్తుంది కాబట్టి అదే సమయంలో తురాయి, కాళ్లు, రెక్కల కింద చూడడమూ సాధ్యమవుతుంది.

పురుగుల మందుల సంగతికొస్తే, పల్లె దుకాణంలో చవగ్గా దొరికే పైపరజీన్ అస్కారిడియా ఒక్కదాని మీదే బాగా పనిచేస్తుంది. మర్నాడు రెట్టలో తెల్లటి పాములు పడితే మందు పనిచేసిందని ఇంటావిడ సంతృప్తి పడుతుంది. బద్దెపురుగులు, హెటెరాకిస్ లోపల క్షేమంగానే ఉంటాయి. ఫెన్‌బెండజోల్ వంటివి మరికొన్నింటిని చంపుతాయి. బద్దెపురుగులకు నిక్లోసమైడ్, ప్రాజిక్వాంటెల్ వంటివి వేరుగా కావాలి. అవి ఊళ్లో దొరకడం అరుదు. వందల కోళ్లకు సరిపడే ప్యాకెట్టు కొని పది కోళ్లకు వాడడం, గుంటలో నీళ్లు తాగే కోడికి తొట్టిలో మందు కలపడం వంటి చిక్కులూ ఉన్నాయి. సాయంత్రం నీళ్లు తీసేసి, పొద్దున గూట్లో ఉండగానే మందు నీళ్లు పెడితే తప్ప ఏ కోడి ఎంత తాగిందో చెప్పలేము. ఇంత చేసినా నేల అదే నేల, చీమ అదే చీమ. తిన్న అస్కారిడియా గుడ్డు పెద్ద పురుగై తిరిగి గుడ్లు పెట్టడానికి ఐదు నుంచి ఎనిమిది వారాలు చాలు.

ఈ ఖర్చు భరించలేని ఇళ్లు నాటు వైద్యాన్ని ఆశ్రయించడంలో వింత లేదు. తూర్పు, దక్షిణ ఆఫ్రికాలో కలబంద జాతుల ఆకులు నలిపి తాగే నీళ్లలో వేయడం విస్తారంగా ఉంది. ఈస్టర్న్ కేప్ ఇళ్లలో వాడే అలో ఫెరాక్స్‌ను హెటెరాకిస్ ఉన్న పల్లె కోళ్ల మీద పరిశోధకులు పరీక్షించారు కూడా. ఇలాంటి మొక్కలకు మోతాదు నిలకడగా ఉండకపోవడమే పెద్ద ఇబ్బంది. ఆకు వయసు, కాలం, కోడి తాగిన నీళ్లు అన్నీ మారుతుంటాయి. బూడిద విషయంలో ఆ ఇబ్బంది లేదు. పేల మీద, గూటి నేల మీద అది చేసే పని ఎవరికైనా కనిపిస్తుంది.

ఇటీవలి కాలంలో ఈ చిత్రంలోకి కొత్త కోడి కూడా వచ్చింది. పెరటి పెంపకం కోసం భారతదేశంలో తయారైన కురాయిలర్ జాతిని ఉగాండాకు తీసుకెళ్లి పల్లెల్లో పెంచి చూస్తే, అక్కడి నాటు కోళ్ల కన్నా ఎక్కువ బరువు, ఎక్కువ గుడ్లు ఇచ్చింది. ఆ తర్వాత ఇథియోపియా, నైజీరియా, టాంజానియాల్లో అంతర్జాతీయ పశుసంపద పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో ఈ జాతితో పాటు సాసో, కోకోక్ వంటి వాటినీ రైతుల ఇళ్లలోనే పోల్చి చూశారు. పెద్ద శరీరానికి పెద్ద మేత కావాలి. ఏరుకునే మేత మాత్రం ఊరికి ఉన్నంతే ఉంటుంది. కురాయిలర్ పెట్ట పొదుగు మీద కూర్చోదు కనుక పిల్లలను ప్రతిసారీ బయటి నుంచి కొనాలి. ఆ కొనుగోలు ఎలా సాగుతున్నదో గమనిస్తే ఆసక్తికరమైన సంగతి తేలుతుంది. ఇథియోపియా వంటి చోట్ల రోజు పిల్లలను నేరుగా పల్లెకు ఇవ్వరు. మధ్యలో ఒక పెంపకందారు వాటిని వెచ్చటి షెడ్డులో, దాణా మీద, టీకాలన్నీ వేసి, నెలా నెలన్నర పెంచిన తర్వాతే ఇళ్లకు అమ్ముతాడు. అంటే ఆ కోడి పల్లె నేల మీద కాలు పెట్టేనాటికి గద్ద ఎత్తుకుపోయే వయసు దాటింది, గెంతు పురుగు కళ్లు మూసేసే వయసు దాటింది, కోక్సిడియా గండం చాలావరకు షెడ్డులోనే గడిచింది. కొత్త జాతికి దక్కిన పేరులో ఎంత భాగం దాని రక్తానిదో, ఎంత భాగం ఆ మొదటి వారాల పోషణదో విడదీసి చెప్పాలంటే, నాటు పిల్లలకూ అదే షెడ్డులో అన్ని రోజులే పెంపకం ఇచ్చి, ఆ తర్వాత రెండింటినీ ఒకే పెరట్లో వదిలి చూడాలి.